కిడ్నీ ఇన్ఫెక్షన్ వస్తే ఏం చేయాలి: జ్వరం మొదలైన రోజు నుంచి కోలుకునే దాకా

జ్వరం, చలితో వణుకు, వీపులో ఒక పక్క పక్కటెముకల కింద నొప్పి. ఈ మూడూ కలిసి వస్తే కిడ్నీ ఇన్ఫెక్షన్ అని అనుమానించి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మిగతాదంతా చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా చాలు. ఇది సమయానికి మందు పడితే మామూలుగా లొంగిపోయే జబ్బే. నిర్లక్ష్యం చేస్తే మాత్రం రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. మధ్యలో పోయేది చాలాసార్లు ఒకటి రెండు రోజులే. "రేపటికి తగ్గుతుందేమో చూద్దాం" అనుకుంటూ గడిపేసే రోజులవి.

ముందు అది ఎక్కడిదో తేల్చుకోండి

ఎక్కువ మందిలో ఈ ఇన్ఫెక్షన్ కింది నుంచి పైకి వస్తుంది. పేగుల్లో మామూలుగా ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా మూత్రం బయటికొచ్చే దారిలో చేరి, మూత్రాశయంలోకి ఎక్కి, అక్కడి నుంచి 25-30 సెంటీమీటర్ల పొడవుండే గొట్టం గుండా కిడ్నీకి చేరుతుంది. ఆడవాళ్లలో బయటి దారి నుంచి మూత్రాశయానికి దూరం 4 సెంటీమీటర్లే. మగవాళ్లలో అది సుమారు 20 సెంటీమీటర్లు. ఆడవాళ్లకు ఈ బాధ ఎక్కువగా రావడానికి పెద్ద కారణం ఈ తేడాయే. పరిశుభ్రత లేకపోవడం వల్లే వచ్చిందని వాళ్లను నిందించడంలో అర్థం లేదు.

ఇన్ఫెక్షన్ మూత్రాశయం వరకే ఉంటే మంట, మాటిమాటికి వెళ్లాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలే రావడం, పొత్తికడుపులో నొప్పి ఉంటాయి. జ్వరం సాధారణంగా ఉండదు. కిడ్నీ దాకా పోతే జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, దుప్పటి కప్పినా ఆగని వణుకు వస్తుంది, వికారం, వాంతులు, ఒళ్లంతా నీరసం తోడవుతాయి. మూత్రం మడ్డిగా ఉండొచ్చు, వాసన రావొచ్చు, రక్తం కనిపించొచ్చు. కొందరిలో మంట అనేదే ఉండదు. అందుకే మంట లేదు కాబట్టి కిడ్నీ కాదులే అని కొట్టిపారేయకండి.

నడుం నొప్పితో దీన్ని పోల్చుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. కండరం పట్టేసిన నొప్పి వంగినప్పుడు, తిరిగినప్పుడు ఎక్కువవుతుంది, కదలకుండా పడుకుంటే తగ్గుతుంది. కిడ్నీ నొప్పి నడుం కన్నా కొంచెం పైన, పక్కటెముకల చివర దగ్గర, డొక్క వైపు ఉంటుంది. ఎలా పడుకున్నా అది అలాగే ఉంటుంది. రాయి నొప్పి తీరు వేరు. అలలు అలలుగా వచ్చి గజ్జల్లోకి దిగుతుంది, మనిషి ఒకచోట కుదురుగా కూర్చోలేడు. రాయి నొప్పితో పాటు జ్వరం కూడా ఉంటే అది ఎమర్జెన్సీ. దాని గురించి కింద ఇంకా చెప్తాను.

పెద్ద వయసు వాళ్లలో ఈ లక్షణాలేవీ సరిగా కనిపించకపోవచ్చు. జ్వరం కూడా రాకుండా, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, తిండి మానేయడం, పడిపోవడం మాత్రమే కనిపిస్తాయి. నెలల పిల్లల్లో కారణం తెలియని జ్వరం, పాలు తాగకపోవడం, వాంతులు, చిరాకు ఉంటాయి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే కారణం ఏమై ఉంటుందా అని ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకూడదు, వెంటనే తీసుకెళ్లాలి.

క్లినిక్ కాదు, నేరుగా ఆసుపత్రికి

ఇలాంటప్పుడు రాత్రయినా సరే, పొద్దున్న చూద్దామని ఆగొద్దు:

- మాత్ర వేసుకున్నా నిలవకుండా వాంతి అయిపోతుంటే
- తల తిరగడం, గుండె దడ, ఆయాసం, చర్మం చల్లబడి చెమటలు పట్టడం, మాట తడబడటం ఉంటే
- మూత్రం బాగా తగ్గిపోయినా, అసలు రాకపోయినా
- గర్భంతో ఉంటే
- ఒకటే కిడ్నీ ఉన్నా, కిడ్నీ మార్పిడి అయినా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా
- కిడ్నీలో రాయి ఉందని ముందే తెలిసినా, మూత్రానికి పైపు వేసి ఉన్నా

షుగర్ ఉన్నవాళ్లు కూడా అదనంగా జాగ్రత్తపడాలి. వాళ్లలో కొద్దిమందికి కిడ్నీలోనే గ్యాస్ చేరే తీవ్రమైన రకం వస్తుంది. అది గంటల్లో ముదురుతుంది.

గర్భిణుల విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పెరుగుతున్న గర్భాశయం మూత్రం దిగే గొట్టాలను నొక్కుతుంది, హార్మోన్ల వల్ల ఆ గొట్టాలు వదులవుతాయి, మూత్రం అక్కడే నిలుస్తుంది. ముఖ్యంగా కుడి వైపు. ఇన్ఫెక్షన్ వస్తే నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యే ప్రమాదం ఉంది. అందుకే సాధారణంగా ఆసుపత్రిలో చేర్చుకుని ఇంజెక్షన్లతో వైద్యం మొదలుపెడతారు. "ఈ మాత్రానికే అడ్మిట్ కావాలా" అని ఇంట్లోవాళ్లు అనొచ్చు. కావాలి.

మొదటి మాత్రకు ముందే మూత్రం శాంపిల్

వైద్యం మొత్తంలో రోగి చేతిలో ఉన్న అతి ముఖ్యమైన పని ఇదే. దాన్నే ఎక్కువ మంది వదిలేస్తారు. ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ ఏదో రెండు మాత్రలు వేసుకుని, తగ్గకపోతే అప్పుడు టెస్టుకు వెళ్తారు. ఆ రెండు మాత్రలు జబ్బును నయం చేయవు. కల్చర్‌లో, అంటే మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, బ్యాక్టీరియా పెరగకుండా చేయడానికి మాత్రం సరిపోతాయి. దాంతో ఏ క్రిమి, దానికి ఏ మందు పనిచేస్తుంది అనే సమాచారం చేజారిపోతుంది. కాబట్టి వరస ఇది: డాక్టర్, శాంపిల్, ఆ తర్వాత మాత్ర. శాంపిల్ ఇచ్చాక మాత్రం రిపోర్టు కోసం ఆగకూడదు. కల్చర్ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి ఈలోగా అంచనా మీద మందు మొదలుపెడతారు.

శాంపిల్ పట్టే పద్ధతి సరిగా లేకపోయినా రిపోర్టు దండగే. ఇలా చేయండి.

చేతులు కడుక్కోండి. ఆడవాళ్లు యోని పెదవులను వేళ్లతో విడదీసి, ముందు నుంచి వెనక్కి మంచినీళ్లతో శుభ్రం చేసుకోవాలి. మగవాళ్లు ముందు చర్మాన్ని వెనక్కి లాగి కడుక్కోవాలి. మొదట వచ్చే మూత్రాన్ని వదిలేసి, ఆపకుండానే మధ్యలో డబ్బా పెట్టి సగం వరకు పట్టండి, చివరిది మళ్లీ వదిలేయండి. డబ్బా లోపలి భాగానికి, మూత లోపలి వైపుకు వేలు తగలనివ్వకండి. ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ డబ్బాయే వాడాలి, ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. గంటలోపు ల్యాబ్‌కు చేర్చండి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. బయట పెడితే దారిన చేరిన నాలుగు క్రిములు కూడా వేలల్లో పెరిగి రిపోర్టును తప్పుదోవ పట్టిస్తాయి. నెలసరిలో ఉంటే ఆ మాట ల్యాబ్ వాళ్లకు చెప్పండి.

చిన్నపిల్లలకు అంటించే ప్లాస్టిక్ సంచితో పట్టిన శాంపిల్‌లో చర్మం మీది క్రిములు కలిసే అవకాశం చాలా ఎక్కువ. డాక్టర్ సన్నటి పైపుతో తీస్తానంటే భయపడి వద్దనకండి. నమ్మదగ్గ రిపోర్టు దాంతోనే వస్తుంది.

డాక్టర్ దగ్గర

డాక్టర్ వీపు మీద, పక్కటెముక వెన్నుతో కలిసే చోట మెల్లగా తట్టి చూస్తారు. అక్కడ జివ్వుమంటే అనుమానం బలపడుతుంది. మూత్ర పరీక్ష, రక్త పరీక్ష, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రాస్తారు. పరిస్థితి తీవ్రంగా ఉంటే రక్తం కల్చర్ కూడా చేస్తారు. స్కానింగ్ అందరికీ అక్కర్లేదు. రాయి ఉందనిపించినా, షుగర్ ఉన్నా, ఇది పదేపదే వస్తున్నా, మందుకు లొంగకపోయినా అప్పుడు చేస్తారు.

డాక్టర్ అడగకపోయినా మీరు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. గర్భం ఉందా, ఉండే అవకాశం ఉందా. ఏ మందు పడదు. గత కొన్ని నెలల్లో ఏ యాంటీబయోటిక్ వాడారు, ఆసుపత్రిలో చేరారా (చేరి ఉంటే మామూలు మందులకు లొంగని క్రిమి అయ్యే అవకాశం పెరుగుతుంది). పాత కల్చర్ రిపోర్టు ఏదైనా ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, మందు ఎంచుకోవడంలో అది నిజంగా పనికొస్తుంది. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ చూపించండి, నడుం నొప్పి అనుకుని కొనుక్కున్న మాత్రతో సహా. ఎందుకంటే నొప్పికి వాడే కండరాల మాత్రల్లో కొన్నింట్లో టిజానిడిన్ ఉంటుంది. కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు తరచుగా రాసే సిప్రోఫ్లాక్సాసిన్‌తో అది కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

రిపోర్టు చేతికి వచ్చాక కంగారు పడకుండా చూడాల్సినవి మూడు. చీము కణాలు ఎక్కువగా ఉంటే ఇన్ఫెక్షన్‌కు సూచన. కల్చర్‌లో కాలనీ కౌంట్ (మిల్లీలీటరు మూత్రంలో ఉన్న క్రిముల లెక్క) 1,00,000 దాటితే స్పష్టమైన పాజిటివ్, లక్షణాలు ఉన్నప్పుడు అంతకు తక్కువ అంకెకు కూడా విలువ ఉంటుంది. 'మిక్స్‌డ్ గ్రోత్' (రకరకాల క్రిములు కలిసి పెరిగాయి) అని ఉంటే శాంపిల్ కలుషితమై ఉండొచ్చు, మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. మందుల పేర్ల ఎదురుగా 'ఎస్' అంటే ఆ మందు పనిచేస్తుంది, 'ఆర్' అంటే చేయదు. మీరు వాడుతున్న మందు ఎదురుగా 'ఆర్' కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చేయండి. 'ఈఎస్‌బీఎల్' అని రాసి ఉంటే అది చాలా మాత్రలను తట్టుకునే రకం, ఇంజెక్షన్లు అవసరం కావొచ్చు.

మందులు వాడే తీరు

వాంతులు లేకుండా, నిలకడగా ఉన్నవాళ్లకు ఇంట్లోనే మాత్రలతో నయం అవుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి సాధారణంగా 5 నుంచి 7 రోజులు, మిగతా రకాలు 7 నుంచి 14 రోజులు ఇస్తారు. కొన్నిసార్లు మొదట సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఒకటి చేసి, మాత్రలతో ఇంటికి పంపుతారు. మగవాళ్లలో ప్రోస్టేట్‌కు కూడా పాకితే ఇంకా ఎక్కువ రోజులు వాడాలి. మందు, మోతాదు మీ డాక్టర్ చెప్పిందే. ఈ పేర్లు చీటీ అర్థం కావడానికి చెప్తున్నవే, కొనుక్కోవడానికి కాదు.

ఒక పొరపాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. క్రితంసారి మూత్రంలో మంటకు డాక్టర్ నైట్రోఫ్యూరాంటోయిన్ మాత్రలో, ఫాస్ఫోమైసిన్ పొడి సాచెట్టో రాసి ఉంటారు. అది బాగా పనిచేసింది కదా అని ఈసారి జ్వరం వచ్చినా అదే తెచ్చుకుంటారు. ఈ రెండు మందులూ మూత్రంలో చేరి మూత్రాశయంలో బాగా పనిచేస్తాయి, కిడ్నీ కండలో మాత్రం చాలినంత మోతాదులో చేరవు. మంట తగ్గి కుదుటపడ్డట్టు ఉంటుంది, పైన ఇన్ఫెక్షన్ అలాగే ముదురుతుంటుంది. మూత్రాన్ని నారింజ రంగులోకి మార్చే మంట మాత్ర ఫెనాజోపిరిడిన్ కూడా అంతే. అది నొప్పిని కప్పిపెడుతుంది, క్రిమిని చంపదు.

సిప్రోఫ్లాక్సాసిన్ రకం మాత్రలు పాలతో గానీ, క్యాల్షియం, ఐరన్, జింక్ మాత్రలతో గానీ, గ్యాస్‌కు తాగే యాంటాసిడ్‌తో గానీ కలిపి వేసుకోకండి. పేగుల్లోనే ఒకదాన్నొకటి పట్టుకుని మందు ఒంటికి అందదు. సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకున్నాక కనీసం 2 గంటలు ఆగి అవి వేసుకోవచ్చు. అవి ముందు వేసుకుంటే 6 గంటల తర్వాతే ఈ మాత్ర. ఈ రకం మందులు వాడేటప్పుడు మడమ వెనక స్నాయువు నొప్పి పుడితే మందు ఆపి డాక్టర్‌కు చెప్పండి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఆ విషయం ముందే చెప్పాలి, చాలా యాంటీబయోటిక్స్ దాని ప్రభావాన్ని పెంచుతాయి.

రెండో రోజుకే హాయిగా అనిపిస్తుంది. అప్పుడే మానేయాలనిపిస్తుంది. రాసిన రోజులన్నీ పూర్తి చేయండి.

ఇంట్లో ఉన్నప్పుడు

జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దు. ఒంట్లో నీరు తగ్గి, ఇన్ఫెక్షన్‌తో అలసిన కిడ్నీకి రక్తం అందడాన్ని అవి ఇంకా తగ్గిస్తాయి.

నీళ్లు మూత్రం లేత పసుపు రంగులో వచ్చేంత వరకు తాగితే చాలు. లీటర్లకు లీటర్లు తాగి కిడ్నీని కడిగేద్దామన్న ఆలోచన పనిచేయదు, అక్కడ ఉన్న ఇన్ఫెక్షన్ నీళ్లకు కొట్టుకుపోయేది కాదు. గుండె జబ్బు, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు తమకు చెప్పిన నీటి పరిమితి దాటకూడదు.

షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు వాంతులు అవుతున్నా, తినలేకపోతున్నా ఆ మందుల సంగతి అదే రోజు అడగాలి. మెట్‌ఫార్మిన్, కొన్ని రకాల బీపీ మాత్రలు ఆ రోజుల్లో తాత్కాలికంగా ఆపాల్సి రావొచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలైతే మరీ ముఖ్యంగా అడగాలి. తిండి లేనప్పుడు అవి రక్తంలో ఆమ్లం పెరిగేలా చేయగలవు. పైగా ఈ రకం మందులతో తీవ్రమైన మూత్ర ఇన్ఫెక్షన్లు రావొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే హెచ్చరించింది. ఇన్సులిన్‌ను మాత్రం మీ అంతట మీరు పూర్తిగా ఆపకండి.

రోజుకు నాలుగుసార్లు జ్వరం చూసి కాగితం మీద టైమ్‌తో సహా రాసుకోండి. తర్వాతి మెట్టుకు ఆ కాగితమే ఆధారం.

రెండు మూడు రోజుల్లో తేలాలి

సరైన మందు పడితే 48 నుంచి 72 గంటల్లో జ్వరం దిగిపోవాలి, నొప్పి తగ్గుముఖం పట్టాలి. నీరసం ఇంకో వారం, పది రోజులు ఉండొచ్చు, దానికి భయపడక్కర్లేదు. మూడు రోజులు దాటినా జ్వరం వస్తూనే ఉంటే మాత్రం మూడు కారణాల్లో ఒకటి అయ్యుంటుంది: క్రిమికి ఆ మందు పనిచేయడం లేదు, కిడ్నీలో చీముగడ్డ కట్టింది, లేదా మూత్రం దారి ఎక్కడో మూసుకుంది. కల్చర్ రిపోర్టు చూసి మందు మార్చడం, స్కానింగ్ చేయడం అప్పుడు తప్పవు. మందు ఇంకా గట్టిది కావాలేమో అని షాపులో అడిగి మార్చుకుంటే రోజులు వృథా.

మూసుకున్న దారి అన్నిటికంటే ప్రమాదం. రాయి అడ్డుపడి, దాని వెనక చీముతో నిండిన మూత్రం నిలిచిపోతే ఎంత మంచి యాంటీబయోటిక్ అయినా లోపలికి చాలినంత చేరదు. డ్రైనేజీ గొట్టం మూసుకున్నప్పుడు పై నుంచి ఎంత ఫినాయిల్ పోసినా ఏం లాభం? ముందు దారి తెరవాలి. కింది నుంచి డీజే స్టెంట్ అనే సన్నటి గొట్టం వేస్తారు, లేదా వీపు నుంచి నేరుగా కిడ్నీలోకి చిన్న పైపు పెడతారు. రాయిని తీసే పని ఇన్ఫెక్షన్ తగ్గాక, తర్వాత. ఆ రోజే రాయి ఎందుకు తీయలేదని డాక్టర్లతో గొడవపడేవాళ్లుంటారు. ఇన్ఫెక్షన్ ఉండగా రాయి జోలికి పోతే క్రిములు రక్తంలోకి చిమ్మే ప్రమాదం ఉంటుంది.

మళ్లీ రాకుండా

మూత్రం ఆపుకోకండి. మలబద్ధకం ఉంటే దాన్ని సరిచేసుకోండి, పిల్లల్లో ఇది మనం అనుకునే దానికంటే పెద్ద కారణం. షుగర్ అదుపులో పెట్టుకోండి. కలయిక తర్వాత మూత్రానికి వెళ్లిరావడం మంచి అలవాటు. వీర్యకణాలను చంపే జెల్లీలు వాడుతుంటే వేరే పద్ధతికి మారడం మంచిది. అవి రక్షణనిచ్చే మంచి బ్యాక్టీరియాను దెబ్బతీస్తాయి.

నీళ్ల వల్ల అసలు ఉపయోగం ఇక్కడ ఉంది. తక్కువ నీళ్లు తాగే అలవాటు ఉండి, పదేపదే మూత్రాశయ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్లతో ఏడాది పాటు చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. రోజూ లీటరున్నర నీళ్లు అదనంగా తాగినవాళ్లలో ఇన్ఫెక్షన్లు సగటున 1.7 సార్లే వచ్చాయి, తాగనివాళ్లలో 3.2 సార్లు. క్రాన్‌బెర్రీ కొందరికి మళ్లీ రాకుండా సాయపడొచ్చు, వచ్చిన ఇన్ఫెక్షన్‌ను మాత్రం నయం చేయదు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు తరచూ వస్తుంటే యోని లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ గురించి డాక్టర్‌ను అడగండి. బాగా పనిచేసే మార్గమే, మొహమాటం వల్ల ఎవరూ అడగరు. చిన్నపిల్లలకు ఒకటికి రెండుసార్లు వస్తే మూత్రం మూత్రాశయం నుంచి కిడ్నీకి వెనక్కి ఎగదన్నుతోందేమో చూపించాలి. అలా వదిలేస్తే ఎదిగే కిడ్నీ మీద మచ్చలు పడొచ్చు.

కోర్సు అయిపోయి, పూర్తిగా తేరుకున్నాక మళ్లీ కల్చర్ చేయించాల్సిన అవసరం అందరికీ లేదు. గర్భిణులకు చేయించాలి. లక్షణాలేవీ లేని వ్యక్తికి ఏదో చెకప్‌లో మూత్రంలో బ్యాక్టీరియా ఉందని వస్తే చాలావరకు దానికి వైద్యం అక్కర్లేదు. గర్భంతో ఉన్నవాళ్లకు, మూత్రనాళానికి ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లకు మందు ఇస్తారు. మిగతావాళ్లు రిపోర్టు చూసి టెన్షన్ పడి యాంటీబయోటిక్ మింగితే లాభం లేదు. పైగా రేపు నిజంగా జ్వరం వచ్చిన రోజున అదే మందు పనిచేయకుండా పోవచ్చు.